ఒక్క మెట్టు, మూడు స్వరములు

గడచిన క్రిస్మసు పండుగకు ముందు మా పాఠశాల గానబృందము పాటల నభ్యసించుచున్న దినములలో, ఒక సాయంకాలము పదవ తరగతి విద్యార్థి యొకడు తన యన్నగారి కంప్యూటరును, దానికి తగిలించు చిన్న కీబోర్డును చంకబెట్టుకొని వచ్చెను. అతడు కీబోర్డుపై నొక్క మెట్టును నొక్కెను. మూడు స్వరములు కలిసి నిండుగా పలికెను. వేఱొక మెట్టును నొక్కెను. మఱి మూడు పలికెను. కొలది నిమిషములలో నొక గీతమునకు కావలసిన వాద్యసహకారమంతయు సిద్ధమయ్యెను. పిల్లలు చప్పట్లు చఱచిరి. వాకిట నిలిచియున్న తల్లిదండ్రులు మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి.

మూడు దినములు గడచిన పిమ్మట ఒక సంగతి మా కంటబడినది. ఆల్టో పాడవలసిన బాలికలు తమ వరుసను విడిచి, సొప్రానోవారితో కలిసి పై వరుసనే పాడుచుండిరి. బేస్ పాడవలసిన బాలురు నలుగురును గోడకు చేరగిలబడి యూరక నిలిచియుండిరి. పాడుట లేదేమని యడుగగా, వారిలో నొకడు "మా స్వరాలు కంప్యూటరే వాయిస్తోంది గదండీ" అని వినయముతోనే బదులు చెప్పెను. ఆ బాలుని మాటలో తప్పేమియు లేదు. తప్పు మాయందే యున్నదని మాకు తోచినది. ఆ తలంపే ఈ వ్యాసమునకు కారణము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పివైచెదము. ఇట్టి యంత్రమును పాఠశాలలోనికి రానీయకూడదని మేము చెప్పుట లేదు. రానీయవలెననియే మా మతము. కాని పిల్లలకు అది పలకవలె నుపయోగపడవలెను. వారికి బదులుగా పాఠము నప్పగించు తోటివాడు కారాదు. పలకపై వ్రాయు చేయి పిల్లవానిది. తప్పు వ్రాసిన చెఱుపుకొనునదియు వాడే. ఈ భేదము తెలియవలెనన్నచో ఆ యంత్రము లోపల జరుగునదేమో కొంత తెలిసికొనవలసియుండును.

ఆ కీబోర్డునకును కంప్యూటరునకును నడుమ నడచు భాషకు మిడి యని పేరు. "మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్" అను నాలుగు ఆంగ్లపదముల మొదటి యక్షరముల కూడికయే ఆ పేరు. దీనికి పూర్వము ఒక సంస్థవారి విద్యుద్వాద్యము మఱియొక సంస్థవారి వాద్యముతో మాటాడుట మిక్కిలి కష్టముగా నుండెడిది. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అను సంస్థను స్థాపించిన డేవ్ స్మిత్, జపానులో రోలండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహాషి మొదలగువారు పూనుకొని, అన్ని వాద్యములకును చెల్లునట్టి భాష నొకదానిని కల్పించిరి. 1983 జనవరిలో అమెరికాలోని అనహైం నగరమున జరిగిన వాద్యముల ప్రదర్శనమునందు ప్రాఫెట్-600 అను సీక్వెన్షియల్ వాద్యమును, జూపిటర్-6 అను రోలండ్ వాద్యమును ఒక తీగతో కలిపి, ఒకదానిపై వాయించగా రెండవది పలుకునట్లు చూపిరి. ఈ భాషను వాడుకొనుటకు రుసుము చెల్లింప నక్కఱలేకుండ లోకమున కిచ్చివేసిరి. 2013లో గ్రామీ బహుమానము లిచ్చు సంస్థవారు వీరిద్దఱిని సన్మానించిరి. కకెహాషిగారు 2017లోను, స్మిత్‌గారు 2022లోను కాలధర్మము నొందిరి. వర్తకమున పోటీపడువారు సయితము అందఱి మేలునకై చేతులు కలుపవచ్చునని ఈ వృత్తాంతము మన బాలబాలికలకు తెలుపుచున్నది.

మిడి తీగలో ధ్వని యుండదు. అంకెలు మాత్రమే యుండును. మెట్టు నొక్కినప్పుడు మూడు చిన్న సంగతులు తీగవెంట పోవును: ఏ దారిలో (అట్టి దారులు పదునాఱు గలవు, వానిని చానళ్లందురు), ఏ స్వరము, ఎంత బలముతో. స్వరములకు 0 మొదలు 127 వఱకు అంకె లేర్పడియున్నవి. కీబోర్డు నడుమనుండు సి స్వరము 60. దానిపై ప్రతి యర్ధస్వరమునకు నొక్కొక్కటి చొప్పున అంకె పెరుగుచుండును. వాద్యములకు శ్రుతి చేయునపుడు ప్రమాణముగా గొను ఎ స్వరము 69. వ్రేలు మెట్టును తాకిన వేగమునుబట్టి బలమును 127 వఱకు అంకెలతోనే కొలుతురు. మెట్టు విడిచినప్పుడు విడిచినట్లు మఱియొక వార్త పోవును. ఇంతియే. ఇది తపాలాలో పోవు ఉత్తరమువంటిది. చదివి పలుకునది ఆవలి యొడ్డున నున్న వాద్యము.

కావుననే ఒక గీతమంతయు ఇమిడియున్న మిడి ఫైలు కొలది కిలోబైట్లకు మించదు. అదే గీతమును సి.డి. నాణ్యతతో ధ్వనిగా ముద్రించినచో నిమిషమునకు పది మెగాబైట్లకు పైగా పట్టును. ధ్వనిముద్రణలో పాడినది పాడినట్లే యుండును. మిడిలోనన్ననో వేగము తగ్గించినను శ్రుతి దిగదు. గొంతు మాఱుచున్న బాలునికొఱకు గీతమునంతయు మూడు మెట్లు దింపవలసివచ్చినచో ప్రతి యంకెనుండియు మూడు తీసివేసిన చాలును. పాఠమునకు తగిన గుణమిదియే: వ్రాసినదానిని చూడవచ్చును, దిద్దవచ్చును.

ఇక కార్డు సంగతి. సంగీతమున కార్డు అనగా మూడు గాని అంతకు మించి గాని స్వరములు ఒకే కాలమున పలుకుట. తపాలా కార్డుతో దీనికి ఉచ్చారణమందు తప్ప వేఱు చుట్టఱికము లేదు. సి స్వరమును షడ్జముగా గొన్నచో స, గ, ప అను మూడును కలిసి సి మేజరు కార్డు. మ, ధ, స అను మూడును ఎఫ్ మేజరు. ప, ని, రి అను మూడును జి మేజరు. దేవాలయమున పాడు పాశ్చాత్య గీతములలో ననేకము ఈ మూడు కార్డులతోనే చాలవఱకు నడచును.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. స్వరమును తెలుపుటకు మిడి భాషలో మాట యున్నది గాని, ఆ తీగవెంట పోవు స్వరవార్తలలో కార్డును తెలుపు మాట లేదు. 60, 64, 67 అను మూడు స్వరవార్తలు ఒకదాని వెనుక నొకటి పోవును. 1983లో నిర్ణయించిన తీగలో సెకనునకు 31,250 బిట్లు నడచును. ఒక్కొక్క స్వరవార్తకు ముప్పది బిట్లు కావలెను. అనగా స్వరమునకు సెకనులో సుమారు వేయవ భాగము పట్టును. నాలుగు స్వరముల కార్డు నాలుగు వేల వంతుల కాలమున నొకటొకటిగా పోయి చేరును. మన చెవి యంత స్వల్పకాలమును గుర్తింపజాలక, అన్నియు నొక్కటిగా వినును. ఆ మూటిని కలిపి కార్డుగా వినునది మన చెవియే. ఏ స్వరమును ఏ గళమున కిచ్చిన సొంపుగా నుండునో తీర్పు చెప్పునదియు మన చెవియే. ఆ చెవిని శిక్షింపక యంత్రమునకు పని యప్పగించినచో, పాటలో నెవ్వరును యోచింపని స్వరములు నిండును.

అట్లయిన ఆ బాలుని కీబోర్డుపై నొక్క మెట్టునకు మూడు స్వరము లెట్లు పలికినవని యడుగవచ్చును. నడుమ నున్న సాఫ్టువేరు ఆ పని చేయుచున్నది. ఏబుల్‌టన్ లైవ్ అనుదానిలో కార్డ్ అనియు, లాజిక్ ప్రోలో కార్డ్ ట్రిగ్గర్ అనియు ఇట్టి సాధనములు గలవు. ఎఫ్‌.ఎల్. స్టూడియోలో దీనికి స్టాంపు అని పేరు. ఆ పేరు మాకు మిక్కిలి తగియున్నట్లు తోచుచున్నది. తపాలా కచేరిలో ముద్ర గ్రుద్దినట్లు, వచ్చిన ప్రతి స్వరముపైనను ఒకే యచ్చును గ్రుద్దుట ఆ సాధనమున కెల్లవిధముల తెలిసిన పని.

ఆ యచ్చు వలన గలుగు చిక్కును లెక్కలు వచ్చిన ఏ విద్యార్థియైనను తానే కనిపెట్టగలడు. నాలుగు గళములకు సి మేజరు కార్డు నిట్లు పంచితిమనుకొందము: బేస్ 48, టెనరు 55, ఆల్టో 64, సొప్రానో 72. అనగా క్రిందినుండి వరుసగా స, ప, గ, స. తరువాత ఎఫ్ మేజరునకు పోవలెను. ఎఫ్ స్వరము సి స్వరమునకు అయిదర్ధస్వరముల పైన నున్నది. అచ్చు గ్రుద్దు సాధనము అన్నింటికి నైదు కలిపి 53, 60, 69, 77 అని వ్రాయును. నలుగురును ఒక్కసారిగా నొకే మేడమెట్టు నెక్కినట్లుండును. సొప్రానో పాడు బాలిక 77వ స్వరమునకు ఎగబ్రాకి కంఠము చించుకొనవలెను. ఎవరి వరుసకును ప్రత్యేకమైన నడక లేదు. నాలుగు గళములుండియు ఒక్క గళము నాలుగు నీడలతో నడచినట్లుండును.

విద్యార్థి తానే యోచించి వ్రాసినచో ఏమగును? ఎఫ్ మేజరులో నున్నవి మ, ధ, స. సొప్రానో పాడుచున్న స ఇందును గలదు. కావున ఆమె కదలనక్కఱలేదు. 72 అట్లే నిలుచును. ఆల్టో గ నుండి మ కు, 64 నుండి 65కు, ఒక్క యర్ధస్వరము కదలును. టెనరు ప నుండి ధ కు, 55 నుండి 57కు, రెండు కదలును. బేస్ మాత్రము స నుండి మ కు, 48 నుండి 53కు పోవును. మొత్తము కదలిక ఎనిమిది. అచ్చు పద్ధతిలో ఇరువది. ఇక్కడ ఒకరు నిలిచిరి, ఒకరు కొంచెము జరిగిరి, ఒకరు నడచిరి, ఒకరు గంతువేసిరి. చెవికి వినబడు కార్డు పేరు రెండింటను ఎఫ్ మేజరే. కాని మొదటిదానిలో పాడువారు సామానువలె మోయబడిరి. రెండవదానిలో ఒక్కొక్కరికి నొక్కొక్క పని కలిగినది. బలము సంగతియు నిట్టిదే. అచ్చు గ్రుద్దినప్పుడు సాధారణముగా నన్ని స్వరములకు నొకే బల మేర్పడును. పాట నడిపించు పై వరుస 90 బలముతో నున్నపుడు లోపలి వరుసలు 70 బలముతో నుండుట మేలని చెవి గలవాడు చెప్పును. అచ్చునకు చెవి లేదు.

అంకెలతో సంగీతము వ్రాయుట క్రొత్తయని యెవరైన ననుకొన్నచో అది పొరపాటు. ఐరోపాలో పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో బేస్ వరుస నొకదానినే వ్రాసి, దాని క్రింద అంకెలు వేసెడివారు. 6 అను అంకె యున్నచో, ఆ స్వరమునుండి మూడవదియు నాఱవదియు కలిపి వాయింపవలెనని యర్థము. ఆ యంకెలను చూచి మిగిలిన వరుసలను ఆర్గను వాయించువాడు అప్పటికప్పుడు తన చేతితో నల్లుకొనవలెను. 1723 మొదలు 1750 వఱకు జర్మనీ దేశమున లైప్సిగు నగరపు సెయింట్ థామసు పాఠశాలలో సంగీతాధికారిగా నుండిన యోహాన్ సెబాస్టియన్ బాహ్ పండితుని కాలమున నిది సామాన్యమైన విద్య. ఆయన నాలుగు గళములకు కూర్చిన కీర్తనలు మూడువందలకు పైగా నేటికిని నిలిచియున్నవి. వానిలో ఆల్టో, టెనరు వరుసలను విడిగా తీసి పాడిచూడుడు. ఒక్కొక్కటి తనంత తానే పాటగా నుండును. ఆ గీతములను పాడినవారు మన విద్యార్థులవంటి బాలురే. లోపలి వరుస పాడు బాలుడును మనుష్యుడే, వానికిని పాడదగిన పాట నియ్యవలెనను మర్యాద మాకు వానియందు కనబడుచున్నది.

ఇందులకు ప్రతిగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. మొదటిది: వాద్యము నేర్చినవాడు ఒక్కడైన లేని పల్లెటూరి సంఘములు మనకు గలవు. అచ్చట ఒక్క మెట్టుతో మూడు స్వరములు పలికించు యంత్రము ఆరాధనకు సాయపడుచున్నది. చేతివ్రేళ్లు స్వాధీనములో లేని బిడ్డయు ఈ సాధనమువలన సంగీతము కూర్పగలడు. వీనిని మేము తక్కువ చేయము. కాలికి దెబ్బ తగిలినవానికి ఊతకఱ్ఱ నియ్యవలసినదే. కాని రెండు కాళ్లును బాగుగా నున్న పదునాలుగేండ్ల బాలునికి పరుగుపందెము నేర్పుటకు ఊతకఱ్ఱ నిచ్చు ఉపాధ్యాయుడు లేడు గదా.

రెండవది దీనికి ప్రతికూలమైన వాదము. ఈ యంత్రములన్నియు సంగీతమును చెఱుపునవే గాన వెలివేయుడని కొందఱు పెద్దలు చెప్పుదురు. వారికి మేము హార్మోనియము కథను జ్ఞాపకము చేసెదము. గమకము పలుకదనియు, శ్రుతులు మన సంగీతమునకు సరిపడవనియు చెప్పి ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును వెలివేసిరి; 1971 వఱకు ఆ నిషేధము సాగినది. వారు చెప్పిన దోషములు లేనివి కావు. అయినను ఆ ముప్పదియేండ్లును తెలుగునాట పద్యనాటకములలో హార్మోనియము మ్రోగుచునేయుండెను, భజనలలో మ్రోగెను, మన దేవాలయములలోను మ్రోగెను. వెలివేయుటచేత వాద్యము పోదు. దానిని మంచిగా వాయించుట నేర్పువారు మాత్రము తగ్గుదురు.

హార్మోనియము మాట వచ్చినది గనుక మన కీర్తనల సంగతియు చెప్పవలసియున్నది. మన తెలుగు క్రైస్తవ సంఘములు పాడు పాటలు రెండు విధములు. పాశ్చాత్య వరుసలలో పాడు గీతములు కొన్ని. పురుషోత్తము చౌదరిగారు (1803–1890) మొదలగు భక్తులు మన రాగతాళములలో రచించిన కీర్తనలు కొన్ని. మొదటివానికి కార్డులు పుట్టుకతో వచ్చినవి. రెండవవానికి అట్లు కాదు. మోహనరాగమును తీసికొందము. ఇందు స, రి, గ, ప, ధ అను అయిదు స్వరములే గలవు. మధ్యమ నిషాదములు వర్జ్యములు. మూడు కార్డులతో దీనికి తోడు వాయింపుమని యంత్రమునకు చెప్పినచో, ఎఫ్ మేజరు ద్వారా మధ్యమమును, జి మేజరు ద్వారా నిషాదమును కొనివచ్చి నడుమ వేయును. పిలువని చుట్టములిద్దఱు పెండ్లి పీటలపై కూర్చున్నట్లుండును. ఈ అయిదు స్వరములతో నేర్పడదగిన మేజరు, మైనరు కార్డులు రెండు మాత్రమే: స, గ, ప యొకటి, ధ, స, గ మఱియొకటి. దీనిని తన చేతితో లెక్కవేసి కనుగొన్న విద్యార్థి, రాగమునకు హద్దులెందుకో ఒక దినములో గ్రహించును.

గమకము విషయమున చిక్కు ఇంకను పెద్దది. స్వరమును వంచుటకు మిడిలో పిచ్‌బెండ్ అను వార్త కలదు. అందు 16,384 మెట్లు గలవు గనుక సూక్ష్మత కేమియు లోటు లేదు. కాని 1983 నాటి పద్ధతిలో ఆ వంపు ఒక్క స్వరమునకు గాక చానలు కంతటికిని చెల్లును. స, గ, ప కలిసి పలుకుచుండగా గాంధారమును మాత్రమే కదలింపదలచి చక్రమును త్రిప్పినచో, షడ్జ పంచమములును దానితో నూగిపోవును. షడ్జము ఊగిన పిమ్మట శ్రుతి యెక్కడిది? 2018లో ఒక్కొక్క స్వరమునకు వేఱు చానలు నిచ్చు పద్ధతి నంగీకరించిరి. 2020లో వెలువడిన రెండవ మిడిలో స్వరమును విడిగా వంచుటకు ఏర్పాటు చేసిరి. యంత్రము క్రమముగా నేర్చుకొనుచున్నది. మన పిల్లల చేతిలో నున్న సామాన్యపు కీబోర్డులన్నియు ఇంకను అంత నేర్చినవి కావు. ఫిడేలు కూడ పరదేశమునుండి వచ్చినదే. అయినను కర్ణాటక సంగీతము దానిని తన సొత్తుగా జేసికొన్నది. తీగపై జాఱు వ్రేలు గాయకుని గొంతును వెంబడింపగలుగుటయే అందులకు కారణము. పరదేశపు వస్తువుయని దేనిని కాదనవలదు. అది మన గొంతును వెంబడించునో, మన గొంతునే తన వెంట త్రిప్పుకొనునో, దానినే చూడవలెను.

పాశ్చాత్య గీతములలోను ఇట్టి భేదము లేకపోలేదు. కీబోర్డుపై పండ్రెండర్ధస్వరములు సమానముగా విభజింపబడినవి. ఆ లెక్కలో మేజరు కార్డునందలి గాంధారము, సహజముగా కలియు గాంధారముకంటె, అర్ధస్వరమును నూఱు భాగములు చేసినచో సుమారు పదునాలుగు భాగములు హెచ్చుగా నుండును. వాద్యము లేకుండ పాడు మంచి గానబృందము, ఒకరి నొకరు వినుచు, ఆ గాంధారమును తామెఱుగకయే దింపుకొని కలుపుకొనును. అప్పుడు కలుగు నిండుతనము ఒకసారి విన్నవారు మఱువరు. రోజంతయు యంత్రముతోనే పాడు పిల్లల కది దొఱకదు.

కావున మా పాఠశాలలో ననుసరింపదగినవని మాకు తోచిన నియమములను పెద్దల యాలోచనకై సమర్పించుచున్నాము.

మొదటిది: గొంతు ముందు, మెట్టు వెనుక. విద్యార్థి ఏ వరుసను కంప్యూటరులో వ్రాయదలచెనో దానిని ముందుగా నోటితో పాడవలెను. తాను పాడలేని వరుసను తోటివాని కియ్యరాదు.

రెండవది: మూడు కార్డులను తక్కువ కదలికతో నొకదానినుండి మఱియొకదానికి నడిపించుట అంకెలతో వ్రాసి చూపువఱకు అచ్చు గ్రుద్దు సాధనమును ముట్టరాదు. చూపినవానికి ఆ సాధనము నిచ్చివేయవచ్చును. వాడు అది వ్రాసినదానిని చూచి దిద్దుకొనగలడు గనుక వానికి దానివలన కీడు లేదు.

మూడవది: ప్రతి గీతమునకు నాలుగు వరుసలను నాలుగు విడి చానళ్లలో వ్రాసి యుంచవలెను. బేస్ పాడు బాలుడు మొదట తన వరుసను మాత్రమే మెల్లని వేగముతో వినవలెను. పిమ్మట తన వరుసను మూయించి, తక్కిన మూడింటితో తాను పాడవలెను. ఏ ఉపాధ్యాయుడును నలుబది మందికి ఇంటింటికి పోయి తోడు పాడలేడు. ఈ పని యంత్రము చక్కగా చేయగలదు. దానికి తగిన సేవ యిదియే యని మా నమ్మకము.

నాలుగవది: రాగకీర్తనలకు కార్డులు వలదు. శ్రుతి నొక్కదానిని, అనగా షడ్జ పంచమములను, నిలిపి యుంచి, తాళమును చేతితో వేయుట మేలు.

అయిదవది: నాలుగు గళములు సిద్ధమైన గీతమునకు పండుగనాడు యంత్రమును కట్టివేయవలెను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇందుకొఱకు విలువగల వస్తువులను కొనుడని మేము కోరుట లేదు. మ్యూజ్‌స్కోరు, ఎల్.ఎం.ఎం.ఎస్. మొదలగు సాఫ్టువేరులు ధర లేకుండ లభించుచున్నవి. కీబోర్డు లేకున్నను మౌసుతో స్వరములను ఉంచవచ్చును. మీ బిడ్డ ఇంటిలో ఒక్క వరుసనే పదేపదే పాడుచున్నచో, అది రుచిలేని పాటయని విసుగుకొనకుడు. ఆల్టో, బేస్ వరుసలు ఒంటరిగా విన్నప్పుడు కొన్నిసార్లు అట్లే యుండును. అవి లేని పాట యెట్లుండునో దేవాలయములో వినినప్పుడు తెలియును.

విద్యార్థులారా! కంప్యూటరును తెచ్చిన మీ తోటివానిని మేము నిందించితిమని తలపకుడు. అతడు తెచ్చి యుండకున్నచో ఈ మాటలలో సగము మాకు తెలియవు. అతడే మూడు రాత్రులు కూర్చుండి వరుసలను విడదీసి నాలుగు చానళ్లలో వ్రాసెను. గోడకు చేరగిలబడిన నలుగురు బాలురును ఆ వరుసను విని నేర్చుకొనిరి. పండుగ రాత్రి మేము పాడిన ఎనిమిది పాటలలో రెండు మాత్రమే యంత్రము లేకుండ నాలుగు గళములతో పాడగలిగితిమి. ఒకచోట టెనరువారు దారి తప్పి, రెండు పాదముల పిదప గాని మరల కలియలేదు. ఆ తప్పును కంప్యూటరు చేసియుండదని మేమెఱుగుదుము. అయినను ఆ రెండు పాటలకే మా దేవాలయము నిశ్శబ్దముగా చెవియొగ్గినది.

వచ్చు సంవత్సరము ఆ రెండు నాలుగు కావలెనని మా కోరిక. అందులకు యంత్రమును సాయము తెచ్చుకొందము. పాటను మాత్రము మనమే పాడుదము.